ఎవరి పెళ్లికి ఈ సున్నాలు?

గోడ గీకుతున్న చప్పుడుకి భవానికి మెలకువ వచ్చింది. లేచి తలుపు తీసి చూసింది. హాల్లో సామానంతా మధ్యకు జరిపి, పైన పాత చీర కప్పి ఉంది. తండ్రి బ్రహ్మచారి తలకు తువ్వాలు చుట్టుకుని, నిచ్చెన మీద నిలబడి, పొరలు లేచిన పాత రంగును రేకుతో గీకుతున్నాడు. కనుబొమల నిండా తెల్లటి దుమ్ము.

"ఏందీ బాపు, పొద్దుపొద్దుగాల?"

"గోడలు పాడైనయి. కనిపిస్తలేదా?"

"నీకెందుకు తక్లీఫ్? పెయింటర్ను పిలిస్తే అయిపాయె."

"మనింటికి పెయింటరేంది బిడ్డా?" అన్నాడాయన, తల తిప్పకుండానే.

వంటింట్లోంచి తల్లి విజయమ్మ గబగబా కేకేసింది. "చాయ్ చల్లారుతున్నది. ముందు మొఖం కడుక్కోపో."

మాట మార్చినట్టు అనిపించింది భవానికి. అప్పుడే మొదటి అనుమానం మొలిచింది.

బోయిగూడలో వాళ్ల ఇంటికి పండగలకు సున్నాలు వేయరు. పెళ్లికి మాత్రమే వేస్తారు. అదీ కూలికి పెట్టి వేయించరు. పెళ్లి కుదరగానే పిల్ల తండ్రి ముందు గోడకు చెయ్యి వేస్తాడు. తర్వాత బాబాయిలు, మేనమామలు, బావలు వచ్చి తలా ఒక గోడ పంచుకుంటారు. కల్పలత అక్క పెళ్లప్పుడు సదాశివ చిన్నబాపు రంగు డబ్బాలో కాలు పెట్టి, ఒక కాలు పచ్చగా ఊరేగింపులో నడిచాడు. ఆ మాట చెప్పుకుని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

ఇప్పుడు ఆ ఇంట్లో పెళ్లికి ఉన్నది భవాని ఒక్కతే. మరి పెళ్లెవరికి? పిల్లవాడెవడు? తనను ఒక్క మాట అడగకుండానే కుదిర్చేశారా?

ఇంకో సంగతి ఆమెను మరీ కలవరపెట్టింది. గోడల గుంటలు పూడ్చే లప్పం పెట్టడం అయింది, ప్రైమర్ పూయడం అయింది, ఒక్క చుట్టం కూడా ఇటు తొంగి చూడలేదు. అంటే చుట్టాలకు కూడా చెప్పకుండా గుట్టుగా చేస్తున్నారన్నమాట. తనకు తెలిస్తే ఒప్పుకోదని, అంతా అయ్యాక ఒకేసారి నెత్తిన పెడదామని.

ఆ అనుమానంతో చూస్తే ప్రతిదీ అందుకు తగ్గట్టే ఉంది. బాపు ఫోను మోగితే మేడ మీదికి వెళ్లి మాట్లాడుతున్నాడు. అమ్మ మోండా మార్కెట్‌కు పోయి కొత్త స్టీలు గ్లాసులు తెచ్చి, అడగకముందే "పాతయి సొట్టలు పడ్డయి" అని చెప్పింది. ఎదురింటి ఎల్లమ్మ ఊరుకుంటుందా?

"ఏందే భవానీ, సున్నాలు షురూ అయినయి? పిల్లగాడు ఏడోడు? జెర మాకు సుత చెప్పరాదా, పప్పన్నం తిని పోతం."

"నాకే తెల్వదత్తా, నీకేం చెప్పాలె" అంది భవాని. ఎల్లమ్మ పకపకా నవ్వింది. భవాని నిజమే చెప్పిందని ఆమెకేం తెలుసు.

భవాని మనసులో ఉన్నవాడు యెషయా. ఏ.ఎస్. రావు నగర్‌లో ఆమె పనిచేసే కళ్లద్దాల దుకాణంలోనే అద్దాలు అరగదీసి బిగిస్తాడు. తక్కువ మాట్లాడతాడు. తల్లి తప్ప ఎవరూ లేరు. వాళ్లది చర్చికి పోయే కుటుంబం. ఇంట్లో చెప్పాలని భవాని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుంది. బాపు మొహం చూడగానే మాట వెనక్కి పోయేది.

ఆ సాయంత్రం అన్నం తింటూ బ్రహ్మచారి అడిగాడు. "ముందటి గోడకు ఏ రంగేద్దం బిడ్డా?"

"మీ ఇష్టం."

"మా ఇష్టమేంది? నువ్వే చెప్పాలె." ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆమె వంకే చూస్తూ ఉండిపోయాడు. ఇంకేదో వినాలన్నట్టు ఉంది ఆ చూపు.

తన గుట్టు లాగడానికి చూస్తున్నాడనుకుంది భవాని. "నాకేం తెల్వదు" అని కంచం తీసుకుని లేచిపోయింది. చెయ్యి కడుక్కుంటుంటే వెనక నుంచి తల్లి గొంతు మెల్లగా వినిపించింది. "ఆదివారం వాళ్లొచ్చేసరికి హాలన్నా అయిపోవాలె."

పెళ్లిచూపులు. ఇంక అనుమానం లేదు.

మర్నాడు దుకాణంలో యెషయా ఆమెను పక్కకు పిలిచాడు. మొహం వాడిపోయి ఉంది.

"నిన్న మీ బాపు మా ఇంటికొచ్చిండు."

"ఏమన్నడు?"

"నన్ను చూసి ఏమనలే. అమ్మ నన్ను పాలు తెమ్మని పంపింది. నేనొచ్చేసరికి పోయిండు. ఏమైందంటే చెప్తలేదు. మస్తు ఏడ్చినట్టుంది, కండ్లు ఎర్రగున్నయి."

ఇంకేముంది, బెదిరించి వచ్చాడన్నమాట. ఎప్పుడూ ఎవరి మీదా చెయ్యెత్తని బాపు, ఒక ఒంటరి ఆడమనిషి ఇంటికి పోయి ఆమెను ఏడిపించాడు. భవానికి దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది.

"ఇగ నేను ఆ ఇంట్ల ఉండ. నా సర్టిఫికెట్లు తెచ్చుకుంట. నువ్వు బస్టాప్ కాడ ఉండు" అంది.

యెషయా ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. సెలవు చెప్పి ఇంటికి బయలుదేరింది.

మధ్యాహ్నం ఎండకు గల్లీ నిద్రపోతోంది. బ్రహ్మచారి హాల్లో నేల మీద కూర్చుని గోడ అడుగు భాగానికి రంగు వేస్తున్నాడు. భవాని ఆయన్ను పలకరించకుండా లోపలికి పోయింది. సంచిలో నాలుగు జతల బట్టలు, సర్టిఫికెట్లు కుక్కుకుంది. బయటికి పోవాలంటే తండ్రిని దాటుకునే పోవాలి. మరో దారి లేదు.

"ఎటు బిడ్డా?"

"ఆదివారం మీరు ఎవర్ని పిలిచిన్రో వాళ్లతోని మీరే కూసోండ్రి. నేనుండ."

బ్రష్ గోడ మీదే ఆగిపోయింది. రంగు ధారగా కిందికి కారింది. "ఎవర్ని పిలిచినమనుకుంటున్నవ్?"

"ఎవన్నో. నాకు చెప్పి చేస్తున్నరా ఏమన్న? గది చాలదన్నట్టు యెషయా వాళ్లమ్మను ఏడిపించి వచ్చినవ్. నేను ఆయన్నే చేసుకుంట బాపు. నువ్వు గింత పని చేస్తవనుకోలే."

యెషయా పేరు ఆ ఇంట్లో అనడం అదే మొదటిసారి. అన్నాక గానీ ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ విజయమ్మ అక్కడే కూలబడింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "చెప్పింది చూడయ్యా. ఇంతదాన్కా వస్తే గాని నోరిప్పలే నీ బిడ్డ."

భవాని బిత్తరపోయింది. "నీకు తెల్సా అమ్మా?"

"ఈయన చెప్తేనే తెల్సింది."

బ్రహ్మచారి బ్రష్‌ను డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. ఆయన వడ్రంగి. ఎండాకాలంలో మీ దుకాణం గల్లీలోనే అలమారలు బిగించే పని చేశానంటూ మొదలుపెట్టాడు.

"నీ చెప్పు తెగింది ఆ రోజు. ఆ పిలగాడు తన చెప్పులు నీకిచ్చి, మండే రోడ్డు మీద వట్టి కాళ్లతోని నడిచిండు. నేను పైనుంచి చూసిన. అప్పట్నుంచి నువ్వే చెప్తవని చూస్తున్న. అడుగుదమంటే భయమైంది. అడిగినంక నువ్వు లేదంటే? గట్ల అబద్ధమాడినంక ఇగ నువ్వు ఇంట్ల ఆగవు. చెప్పకుంటనే పోతవు." ఆయన చూపు సంచి మీద నిలిచింది. "మనింట్ల సున్నం పడ్డదంటే దేనికో నీకెరుకే గదా. పెళ్లికి నేను తయారుగున్ననని నీకు సమజైతదనుకున్న."

"సమజైంది బాపు. వేరేటోనితోని అనుకున్న." ఆమె సంచి కింద పెట్టింది. "మరి చిన్నబాపు వాళ్లు ఎందుకు రాలే?"

"పిలిచిన. మేడ మీదికి పోయి రోజూ ఫోన్ల బతిమాలిన. వేరే మతపోళ్ల పెళ్లికి మా చెయ్యి పడదన్నరు. పడకుంటే పడకపాయె. నా బిడ్డ పెళ్లి సున్నం బయటోళ్లతోని వేయించుడు నాకు మనసొప్పలే."

"ఆదివారం?"

"ఆ పిలగాడు, వాళ్లమ్మ. ఆమె ఏడ్చింది నిజమే. నేనేమన్ననో తెల్సా? పెళ్లికి మా గుమ్మానికి మామిడాకులు కడ్తం, మీకేమన్న అడ్డమా అమ్మా అని అడిగిన. గంతే. మమ్మల్ని గిట్ల అడిగేటోళ్లు సుత ఉంటరా అని ఆమె ఏడుపు ఆగలే. పిల్లలకు ఇప్పుడే చెప్పకుండ్రి, మా బిడ్డనే ముందు చెప్పాలె అని నేనే మాట తీసుకున్న."

భవాని ఆ గోడల వంక చూసింది. పైన చెయ్యి అందని చోట రంగు పలచగా ఉంది. ఒక మూల లప్పం ఎగుడుదిగుడుగా ఉంది. నలుగురు చెయ్యాల్సిన పని ఒక్కడు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇన్ని రోజులూ ఆమె ఈ గోడల్లో పెళ్లికొడుకును వెతికింది కానీ, బాపు వాచిన మోచేతిని ఒక్కసారి కూడా చూడలేదు. తండ్రి పక్కన కూలబడి, రంగు అంటిన ఆయన చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఏడ్వకు. ఆ చెయ్యి మొఖానికి పెట్టుకోకు, రంగు పోదు" అన్నాడాయన. ఆయన కళ్లూ నిండి ఉన్నాయి.

విజయమ్మ వచ్చి సంచి తీసుకుని లోపలికి పట్టుకుపోయింది. అప్పుడు భవాని ఫోను మోగింది.

"భవానీ, ఎక్కడున్నవ్? బస్టాప్ కాడ ఉన్న" అన్నాడు యెషయా.

"నేను రాను. నువ్వే మా ఇంటికి రా."

"ఏమైంది? మీ బాపు ఏమన్న..."

"ఏంగాలే. పాత బట్టలేసుకోని రా. బయట గోడంతా మిగిలే ఉన్నది, బాపుకు చేతులు నొస్తున్నయి."

బ్రహ్మచారి ఏమీ విననట్టే గోడ మీద కారిన రంగును బ్రష్‌తో సర్దుతున్నాడు. కాసేపటికి గొంతు సవరించుకుని అన్నాడు.

"మనకున్నది ఒక్కటే నిచ్చెన. వాళ్లింట్ల ఉంటే ఒకటి తెమ్మను."