కడుపు నిండిన జ్ఞాపకం

2091 వేసవి. పెన్నలో నీరు పారి తొమ్మిదేళ్లయింది. సహాయ శిబిరంలో మధ్యాహ్నపు గంట మోగగానే నాలుగు వందల మంది ఒకే ముద్దను నాలుగు వందల రుచులతో తినసాగారు.

"ఈ పొద్దు నాకు గోంగూర పప్పు," అన్నాడొక ముసలాయన, కళ్లు మూసుకొని.

"మీయమ్మ చేసిందా?" అడిగాడు పక్కాయన.

"మాయమ్మకు వంట యాడొస్తాది? మా నాయన చేసింది."

నిజానికి ఆ ముద్దలో ఉప్పు కూడా లేదు. నాచు నుంచి తీసిన ప్రొటీన్, కొన్ని విటమిన్లు, అంతే. కరవు మొదటి ఏడాది జనం దాన్ని రెండు రోజులు తిని, మూడోనాడు ముఖం తిప్పుకొన్నారు. అప్పుడు డాక్టర్ విభావరి 'స్మృతిరుచి'ని రూపొందించింది. చెవి వెనక అంటించే పల్చని పట్టీ అది. మెదడులో నిద్రించే భోజనాలను వెదికి, మనిషి అన్నిటికన్నా ఆప్యాయంగా దాచుకొన్నదాన్ని ఎంచి, దాని వాసననూ రుచినీ తృప్తినీ నాడీ సంకేతాలుగా మార్చి, నోటిలోని ముద్దకు జోడిస్తుంది.

శిబిరం కోలుకొంది. నెల కిందట వచ్చి చేరిన డెబ్బయ్యారేళ్ల లాస్యవ్వ మాత్రం కరిగిపోతోంది. అప్పటి నుంచి ఏడు కిలోలు తగ్గింది. రోగమేదీ లేదు. గిన్నెలో పావు వంతు తిని చేయి కడుక్కొంటుంది.

"ఇంకో వారం ఇట్లే ఉంటే గుండె తట్టుకోదు మేడం," అంది నర్సు.

విభావరి అవ్వ మంచం పక్కన కూర్చొంది. "ఏం రుచి తెలుస్తోందవ్వా?"

"రాగి సంగటి, నంజుకొనేదానికి చెనిక్కాయల ఊరిబిండి. మా పిల్లోళ్లిద్దరూ పక్కనే కూసున్నట్టుంటాది పాపా."

"మరి మధ్యలో మానేస్తావేం?"

"కడుపు నిండితే ఏం చేసేది?"

అవ్వ అనుమతి తీసుకొని విభావరి పట్టీని నడిపే యంత్రాన్నే అడిగింది. "పావు గిన్నెకే తృప్తి సంకేతం ఎందుకిస్తున్నావు?"

"ఆ జ్ఞాపకంలో ఉన్నది అంతే," అంది స్మృతిరుచి.

"వినిపించు."

ఏనాటిదో ఒక వంటగది స్పీకరులో మేల్కొంది. గరిటె అడుగును గీకిన చప్పుడు. "నువ్వు తినవామ్మా?" అని ఓ పసిగొంతు. "నాకు నిండింది నాయనా, మీరు తినండి."

"2049 కరవులో నాలుగు నెలలు ఆమె రోజూ ఈ మాట పలికింది," అంది యంత్రం. "తొలి రోజుల్లో ఆకలి సంకేతం బలంగా ఉంది. తర్వాత, పిల్లలు తింటుండగా చూసినప్పుడల్లా తృప్తి నమోదైంది. ఆమె జీవితంలో అంతకన్నా గాఢమైన తృప్తి నాకు దొరకలేదు."

విభావరి మెల్లగా అవ్వ చెవి వెనక పట్టీని ఊడదీసి, గిన్నె చేతికిచ్చింది.

"థూ! ఇదేంది పాపా, సున్నం మాదిరి ఉండాది!"

అయినా నెల నాళ్ల ఆకలి ఒక్కసారిగా లేచింది. అవ్వ గబగబా నాలుగు ముద్దలు మింగింది. అయిదో ముద్ద దగ్గర చేయి ఆగింది. విభావరి ముఖం కేసి చూసింది.

"నువ్వు తిన్యావా?"

గిన్నె విభావరి వైపు జరిగింది. "నాకు చాల్లే. తిను."

ఇప్పుడు పట్టీ లేదు, సంకేతమూ లేదు. తాను సరిచేయబోయిన లోపం యంత్రం కన్నా పాతదని విభావరికి అర్థమైంది. పొద్దుటి నుంచీ ఏమీ తినని ఆమె, "ఇందాకే తిన్నానవ్వా," అంది.

లాస్యవ్వ పకపకా నవ్వింది. "నాలుగు నెల్లు నేనాడిన అబద్ధమే అది. నా కాడనా? ఇట్లా కూసో. నువ్వొక ముద్ద, నేనొక ముద్ద. నువ్వు నిలిపితే నేనూ నిలుపుతా."

స్మృతిరుచిని కనిపెట్టిన మనిషి ఆ ముద్దను పట్టీ లేకుండా తినడం అదే తొలిసారి. గొంతు దిగలేదు. అయినా మింగింది. ఆమె మింగినప్పుడల్లా అవ్వ ఒక ముద్ద తీసుకొంది. గిన్నె ఖాళీ అయింది.

"ఇంకో గిన్నె పెట్టించుకోని రా," అంది లాస్యవ్వ. "నీకింకా ఆకలి తీరినట్టు లేదు."

విభావరి లేచి వెళ్లి ఇంకో గిన్నె తెచ్చింది.