భుజం మీద కాపడం

"పన్నెండింటికి ఆవిడ కమిటీ ముందు విదేశీ ముఠా పేర్లన్నీ చెప్పేస్తుంది. అప్పటిదాకా ప్రాణంతో ఉండాలి. అంతే నీ మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ కోడ్ నేమ్ గద్ద. వేషం ఫిజియోథెరపిస్టు. సేఫ్ హౌస్‌లో దాచిన ముసలి కెమిస్టు భుజానికి పొద్దునే కాపడం పెట్టడం అతని డ్యూటీ. ఆమె కనిపెట్టిన జెల్ గింజ ఆమె భుజంలోనే, చర్మం కింద ఉంది. మామూలు ఒంటి వేడికి అది నొప్పి మందును పట్టుకుని ఉబ్బి ఉంటుంది. నలభై డిగ్రీలు దాటితే ముడుచుకుని, తడిగుడ్డ పిండినట్టు మందు వదిలేస్తుంది. నిన్ననే నర్సు కొత్త గింజ పెట్టి వెళ్ళింది. ఆ నర్సు నవ్వితే గదిలో ఇంకో లైటు వేసినట్టుండేది. ముఠాలో ఉంటూ మనకోసం పనిచేసే మనిషి. ఆమెకు క్లియరెన్స్ ఇచ్చింది గద్దే.

తొమ్మిదింటికి గద్ద వేడినీళ్ళ సంచీ భుజం మీద పెట్టాడు. చెవిలో ఇయర్‌పీస్ గరగరలాడింది. చీఫ్ గొంతు.

"నర్సు డబుల్ ఏజెంట్. ఎయిర్‌పోర్టులో దొరికింది. గింజలో ఉన్నది విషం. వేడి తగలనివ్వకు."

గద్ద సంచీ లాగేశాడు.

"అప్పుడే తీసేశావేం నాయనా?"

సంచీ కారుతోందని చెబుదామనుకున్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ జెల్‌ను ఎలా ఆపాలో తెలిసింది ఆమె ఒక్కతెకే.

"అమ్మా, గింజలో విషముంది. ఆ నర్సును రానిచ్చింది నేనే. కాపడం పెట్టిందీ నేనే." చెవులు కాలిపోయాయి. ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"సిగ్గు తర్వాత పడుదువుగాని. ఎంతసేపు పెట్టావ్?"

"నిమిషం."

"ఐస్ తే. చల్లబడితే ముడుచుకోదు."

ఫ్రిజ్‌లో ఐస్ ట్రేకి అతుక్కుపోయి రాలేదు. ట్రేనే తెచ్చి భుజానికి అదిమాడు. వాచీలోని వేడి కొలిచే సెన్సర్‌ను గింజ పక్కన ఆనించాడు. ముప్పై తొమ్మిదిన్నర. ముప్పై తొమ్మిది పాయింట్ తొమ్మిది. అంకె అక్కడే ఆగింది. తర్వాత మెల్లగా దిగింది.

చీఫ్ పంపిన డాక్టరు వచ్చి గింజను చుక్క కారకుండా బయటికి తీశాడు.

కారులో కట్టు సర్దుకుంటూ కెమిస్టు అడిగింది. "ఆ పిల్ల ఫైలు ఎన్ని పేజీలు?"

"నలభై అమ్మా."

"ఎన్ని చదివావ్?"

"రెండు." గద్ద తల దించుకున్నాడు. "మూడో పేజీలో ఫోటో ఉంది."

కమిటీ తలుపు దగ్గర ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది.

"నువ్వూ లోపలికి రా. నాది ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నీ సంగతి చెప్పడానికే టైమ్ పడుతుంది."