సన్న చెయ్యి

మాది ప్రభుత్వం కట్టిచ్చిన నాలుగంతస్తుల బ్లాకు. అన్ని ఇళ్ల స్నానాల గదులకీ మురుగు గొట్టం ఒక్కటే. అడుగున ఉన్నది మేం కాబట్టి పైన ఎవరు ఏం పారబోసినా, అడ్డం పడితే మా బాత్రూమ్‌లోనే ఉబికేది. అడిగితే అందరూ నంగనాచి మొహాలు పెట్టేవాళ్లు. తూము మీది జాలీ ఎత్తి, చెయ్యి దూర్చి, ఆ జిడ్డూ వెంట్రుకలూ లాగే పని ఎనిమిదేళ్లప్పుడే నా నెత్తిన పడింది. నా చెయ్యి సన్నం. పెద్దవాళ్లవి పట్టవు.

నాకు పదమూడేళ్లప్పుడు ఒక వేసవిలో బ్లాకంతా కంపు మొదలైంది. తూము కంపేనని అందరూ తేల్చేశారు. అయిదు రోజులు నా చేత కెలికించారు, బకెట్లకొద్దీ ఫినాయిల్ పోశారు. గొట్టంలో ఏమీ లేదు, నీళ్లు బాగానే పోతున్నాయి. ఆ మాట చెబితే అమ్మ, "ముక్కు మూసుకుని ఇంకాస్త లోపలికి పెట్టవే" అంది. మోచెయ్యి దాటడం లేదన్నా వినలేదు.

ఆరో రోజు మూడో అంతస్తు టైలరమ్మ ఇంట్లో పైకప్పు నుంచి ఏదో కారింది. నాలుగో అంతస్తులో తలుపు పగలగొట్టారు. లోపల ఒంటరి ముసలమ్మ, చచ్చిపోయి వారం దాటింది. అన్నాళ్లూ డాబా మీద బట్టలారేయడానికి ఆవిడ గుమ్మం ముందు నుంచే ముక్కు మూసుకుని వెళ్లొచ్చాం. ఒక్కరం తలుపు తట్టలేదు. నాకు ఆవిడ మీద కాదు, మా మీదే అసహ్యమేసింది.

శవాన్ని తీసుకెళ్లాక ఆ గదిని పైపు పెట్టి కడిగారు. ఆ నీళ్లు మరెక్కడికి పోతాయి? మధ్యాహ్నానికి మా బాత్రూమ్‌లో చీలమండల లోతు గోధుమరంగు నీళ్లు... పైన తెట్టు... అందులో తెల్ల వెంట్రుకలు.

టైలరమ్మ కిందికొచ్చి మా చెల్లి వంక చూసింది. దానికి ఆరేళ్లు.

"దానిది సన్నం కదా, ఒక్కసారి పెట్టించు" అంది అమ్మతో.

"దాని చెయ్యి ఇందులో పెడితే ఊరుకోను" అన్నాను. చెల్లిని ముందు గదిలో మంచం మీద కూర్చోబెట్టి, బయట గడియ పెట్టి, వచ్చి నేనే తూము దగ్గర గొంతుక్కూర్చున్నాను.

చెయ్యి దూర్చాను. జిడ్డు. గోరువెచ్చగా ఉంది. మోచేతి దగ్గర బిగుసుకుంది... ఇంకాస్త తోశాను...

వేళ్లు తగిలాయి.

మెత్తగా... నానిపోయి... తోలు జారుతున్న వేళ్లు. నా చేతిని తడిమాయి. బెండకాయ లేతదో ముదురుదో చూసినట్టు నా వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాయి. మణికట్టు చుట్టూ పట్టుకుని కొలిచాయి.

తర్వాత... వదిలేశాయి.

గొట్టం గుటక వేసింది. నీళ్లన్నీ ఒక్కసారిగా దిగిపోయాయి.

"పోయింది" అంది అమ్మ, గుమ్మంలోంచి. టైలరమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని పైకెళ్లిపోయింది. నేను సబ్బు మూడుసార్లు రుద్ది, ముందు గదికి వెళ్లాను. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది.

చెల్లి మంచం మీదే ఉంది. నన్ను చూసి గుసగుసగా అంది.

"అక్కా... నీ చెయ్యి లావైపోయిందని చెప్పింది."

ఆ గదిలో కుళాయి లేదు. చెల్లి కుడి చెయ్యి భుజం దాకా తడిసి ఉంది.