ఉలికిపాటు

వజ్రగడలో ఇప్పుడు అమావాస్యనాడు ఎవరూ పుట్టరు. మూలా నక్షత్రంలోనూ పుట్టరు. మంచి ముహూర్తం ఉన్న పూట మాత్రం ఆసుపత్రులన్నీ ఒక్కసారిగా పసివాళ్ల ఏడుపుతో నిండిపోతాయి.

ఇదంతా గర్భపేటిక వచ్చాకే. చూడ్డానికి అదొక పెద్ద గాజు పాత్ర. లోపల ఉమ్మనీరు లాంటి గోరువెచ్చని ద్రవం ఉంటుంది. బొడ్డుతాడును ఒక పంపుకు కలుపుతారు. ఆక్సిజన్, ఆహారం దాంట్లోంచే వెళతాయి. నెలలు నిండాక మూత తీసి బిడ్డను బయటికి తీస్తారు. డాక్టరు అందుబాటులో లేకపోతే పంపును నెమ్మది చేసి, బిడ్డను ఒక పూట ఆపి ఉంచడానికి ‘హోల్డ్’ అనే మీట ఉంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ సుదర్శనం రోడ్డు లేని ఊళ్ల కోసం పెట్టాడు. జనం పంచాంగం కోసం వాడుకున్నారు.

కోటలోని పేటిక హోల్డ్‌లో పడి మూడో నెల నడుస్తోంది.

అందులో ఉన్నది కాబోయే రాజు. తండ్రి పోయాడు. ఆయన పోయాక, ఫ్రీజర్‌లో దాచిన రెండు పిండాల్లో ఒకటి పేటికలోకి చేరింది. తల్లి హైమవతికి నలభై నాలుగేళ్లు. రోజూ పేటికకు అమర్చిన మైకు ముందు కూర్చుని “కన్నా, అమ్మనురా” అనేది. మొదట్లో ఆ మాటకు తెర మీద బిడ్డ గుండె గీత ఎగిరిపడేది. ఈ వారం ఎన్నిసార్లు పిలిచినా గీత మారలేదు.

“నిద్రపోతున్నాడేమో రాణీగారూ,” అన్నాడు సుదర్శనం.

“వారమంతానా?”

అతను తెర వైపే చూస్తున్నాడు.

“మీ బిడ్డయితే ఏం చేసేవారు డాక్టరుగారూ?”

“ఎప్పుడో మూత తీసేవాణ్ణి. రక్తం నెమ్మదిస్తే ముందు పోయేవి చెవి నరాలే. పెద్దరాణీగారికి రెండుసార్లు చెప్పాను.”

పేటిక తాళం పెద్దరాణి చంద్రమతీదేవి దగ్గర ఉంది. హైమవతికి అత్తగారు. బిడ్డ పుట్టేదాకా రాజ్యం మీద సంతకం ఆవిడది. బిడ్డ రాజైతే తల్లిది. ముహూర్తం ఇప్పటికే రెండుసార్లు మారింది.

“అత్తయ్యగారూ, ఇవాళే తీయించండి. వాడికి వినపడటం లేదు.”

పెద్దరాణి తమలపాకు ఈనె తీస్తోంది. “లోపలున్నవాడికి వినపడి ఏం చేయాలి? నా నాలుగు కాన్పుల్లో ఒక్కడూ కడుపులోంచి నాతో కబుర్లాడలేదు.”

“డాక్టరుగారే చెప్పారు.”

“ఆయనకు మిషను తెలుసు. రాజయోగం తెలుసా? పౌర్ణమి దాకా ఆగు. ఇప్పుడు తొందరపడితే దారిన పోయేవాళ్లకు పుట్టినట్టు పుడతాడు.”

“ఎలా పుట్టినా నా కొడుకే కదండీ.”

“నీకు కొడుకు. మాకు రాజు. ఇన్నేళ్లొచ్చినా ఆ తేడా నీకు తెలియలేదు.” ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. తాళంచెవి బొడ్లోనే ఉంది.

పౌర్ణమినాడు మూత తీశారు. బిడ్డ గట్టిగా ఏడ్చాడు. హైమవతి ఒళ్లోకి తీసుకోగానే ఊరుకున్నాడు. గదిలోంచి అందరూ వెళ్లాక సుదర్శనం వాడి తల వెనక స్టీలు గిన్నె మీద చెంచాతో కొట్టాడు. రెప్ప కూడా కదలలేదు. మళ్లీ కొట్టాడు.

“చాలు,” అంది హైమవతి.

వజ్రగడలో బిడ్డ పుట్టినంత మాత్రాన రాజైపోడు. దర్బారులో అందరూ చూస్తుండగా కోట బురుజు మీద ఫిరంగి పేలుస్తారు. బిడ్డ ఉలిక్కిపడాలి. పడితే జనం మొర వినే చెవులున్నట్టు. పడకపోతే కొండ మీద మఠానికి పంపేస్తారు; తల్లి వెంట వెళ్లకూడదు. అప్పుడు రెండో పిండాన్ని బయటికి తీస్తారు. మళ్లీ పేటిక, మళ్లీ పంచాంగం, అంతదాకా పెద్దరాణి సంతకం.

“ఇది ఇంకెవరికి తెలుసు?”

“మనిద్దరికే.” సుదర్శనం చెంచా జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగాడు. “బురుజు కాస్త దూరం రాణీగారూ. నిప్పు ముందు కనిపిస్తుంది. శబ్దం ఒక్క క్షణం వెనకగా వస్తుంది.”

ఆమె తలెత్తి అతని మొహం చూసింది. అతను చూపు దించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు దర్బారులో హైమవతి కిటికీకి ఎదురుగా కూర్చుంది. జరీ గుడ్డలో బిడ్డ నిద్రపోతున్నాడు. పెద్దరాణి లేచి వచ్చి వాడి మొహం మీదికి వంగింది.

“ఇంత సందట్లోనూ నిద్రే. బుద్ధిమంతుడు,” అంది. అక్కణ్ణుంచి కదలలేదు.

బురుజు మీద నిప్పు మెరిసింది. గుడ్డ కింద హైమవతి వేళ్లు ముందే బిడ్డ తొడ మీద ఉన్నాయి. బలంగా గిల్లింది. ఫిరంగి మోత వచ్చి కిటికీలు అదిరాయి. పావురాలు లేచిపోయాయి. బిడ్డ రెండు చేతులూ విసిరి, మొహం కందిపోయేలా ఏడ్చాడు.

“రాజావారు విన్నారు,” అన్నాడు బంట్రోతు. దర్బారంతా అదే మాట అంది.

పెద్దరాణి నిటారుగా నిలబడింది. “ముహూర్తబలం,” అంది చివరికి.

ఆచారం ప్రకారం మొదటి ఫిర్యాదుదారును పిలిచారు. ఒక ముసలాయన రెండు చేతులూ జోడించి, తన ఊరి చెరువు ఎవరు పూడ్చేశారో బిడ్డ మొహంలోకి చూస్తూ చెప్పుకోసాగాడు. బిడ్డ ఇంకా వెక్కుతున్నాడు.

“ఏడవకురా కన్నా,” అంది హైమవతి. అని ఆగిపోయింది.

మాట మానేసి, గుడ్డ కింద కమిలిన చోటు వేలితో రాస్తూ కూర్చుంది.