గోబీలో తొక్కిన కాలు

సైకిల్ గాలిపంపును చెవికి ఆనించుకున్నాడు ఏజెంట్ గాల్సన్.

"టీలో ఉప్పు సరిపోయిందా?" పంపులోంచి చీఫ్ గొంతు.

"వెన్నే తక్కువైంది."

కోడ్ కుదిరింది. "విను. మీ టూర్లో ఒకరు ముఠా ఏజెంట్. విదేశీ వేషంలో ఉన్న మన మంగోలే. రైలు వంతెన కింద బాంబుంది. సైకిల్ బెల్లే రిమోట్."

"రైలు ఆపించండి సార్."

"రైలుకి వైర్‌లెస్ అందట్లేదయ్యా. నాలుగొందల మంది ప్రాణాలు. పది నిమిషాలే టైముంది."

ఎనిమిది రోజులుగా గాల్సన్ కొరియా మాస్టారి వేషంలో గోబీ ఎడారిలో సైకిల్ తొక్కుతున్నాడు. మిగతా ఐదుగురూ రైలు చూడ్డానికి దిబ్బ మీద సైకిళ్లతో వరసగా నిలబడ్డారు. పొరపాటున వేరేవాళ్ల బెల్లు ఊడదీస్తే అసలు ఏజెంట్ తన బెల్లు నొక్కేస్తాడు.

వరసలో మూడోది మిస్ లిన్. సింగపూర్ సుందరి, ఎర్ర స్కార్ఫ్, నల్లకళ్లద్దాలు. మొన్న గాల్సన్ నీళ్లసంచి చిరిగితే, అడక్కుండానే తన నీళ్లలో సగం పోసింది. ఈవిడ మాత్రం కాకూడదని అతను మనసులో మొక్కుకున్నాడు.

మంగోల్ బిడ్డ వేషం మారుస్తాడు, భాష దాస్తాడు. కాలికి కాలు తగిలితే మాత్రం చెయ్యి కలపకుండా ఉండలేడు. పగ మిగలకూడదని ఉగ్గుపాలతో అబ్బిన అలవాటది.

రైలు కూత వినిపించింది. గాల్సన్ తూలుతున్నట్టు నటిస్తూ వరస వెంట నడిచాడు. కాలు తొక్కగానే జర్మన్ తిట్టాడు. ఫ్రెంచివాడు నవ్వి ఊరుకున్నాడు.

ఇంజను వంతెన ఎక్కింది. మిస్ లిన్ బొటనవేలు బెల్లు మీదుంది. గాల్సన్ ఆమె కాలు తొక్కాడు.

ఆమె కుడిచెయ్యి బెల్లు వదిలి, తిన్నగా అతని ముందుకొచ్చింది.

ఇద్దరూ ఆ చేతినే చూశారు. తన చెయ్యీ లేవబోతే బలవంతాన ఆపుకుని, గాల్సన్ ఆమెకు బేడీ వేశాడు. రైలు వెళ్లిపోయింది. కిటికీల్లోంచి పిల్లలు చేతులూపారు.

"అసలు పేరేంటి?" మంగోల్ భాషలో అడిగాడు.

"అనుంగూ. కాలు తొక్కావు, చెయ్యివ్వలేదు. మీ అమ్మ నిన్ను ఎలా పెంచిందయ్యా?"

గాల్సన్‌కు సిగ్గుతో తల వాలిపోయింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడిలా, నీళ్లు పోసిన చేతికే బేడీ వేశాడు. నాలుగొందల మంది బతికారని ఎంత చెప్పుకున్నా ఆ తప్పు తేలిక కాలేదు. తన నీళ్లసీసా అందిస్తే ఆమె మొహం తిప్పుకుంది.

పంపు గరగరలాడింది. "శభాష్ గాల్సన్. ఎలా పట్టుకున్నావ్? రిపోర్టులో రాయాలి."

"మర్యాద తప్పి పట్టుకున్నానని రాయండి సార్. తప్పింది నేను, ఆవిడ కాదు."