చేతులు ఒళ్ళో పెట్టుకో

టీ గ్లాసులు కడిగి బోర్లించి, అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని భోజనాల బల్లకు అవతలి వైపు కూర్చుంది. ఇక ఆవిడ అత్తగారు కాదు, వీసా ఆఫీసరు. స్కూలు లేని రోజుల్లో పొద్దున్నే ఈ ఇంటర్వ్యూ సాధన మామూలే. కోడలు జుట్టు సర్దుకుని ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఏం పని చేస్తావమ్మా?"

"చెవులు వినబడని పిల్లలకు పాఠాలు చెబుతానండీ," అంటూ కోడలు చెవి దగ్గర వేలు ఆడించింది.

"చేతులు ఒళ్ళో పెట్టుకో. ఆఫీసరుకు చెవులున్నాయి."

కోడలు నవ్వలేదు. ఆవిడ కొడుకు పోయాక ఆ ఇంట్లో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఏడిస్తే గుండె తేలికవుతుందని ఆ రోజు వచ్చినవాళ్ళంతా చెప్పారు. ఎవరో దారి చెబుతుంటే ఊపినట్టు అత్తా కోడళ్ళిద్దరూ తలలూపారు. తర్వాత వేళకు వండుకున్నారు, తిన్నారు, దీపాలార్పి పడుకున్నారు. అంతే.

కోడలి చేతులు మాత్రం మాట్లాడతాయి. కంగారు పడితే మరీను. టిఫిను డబ్బా ఇవ్వడానికి స్కూలుకు వెళ్ళి వెళ్ళి అత్తగారికీ నాలుగు సైగలు పట్టుబడ్డాయి. రెండు చేతుల వేళ్ళ కొసలు కలిపితే ఇల్లు. రెండు వేళ్ళు చెంపకు ఆనిస్తే అమ్మ.

"మా దేశానికి ఎందుకొస్తున్నావు?"

"చూడ్డానికండీ. సముద్రం, కొండలూ..."

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "ఈ పాట ఎవరు నేర్పారు?"

"ఏజెంటు. నేను పాఠాలు చెప్పబోయే అక్కడి స్కూల్లో జీతం ఇవ్వరుగా, ఊరికే సాయం చేయడం పని కిందికి రాదన్నాడు. టూరిస్టు వీసా అయితే తొందరగా వస్తుందట."

అత్తగారు కళ్ళజోడు బల్ల మీద పెట్టింది. బడికి వెళ్ళకుండానే పొట్లాల కాగితాలు చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్న మనిషి. వీసా కేంద్రంలో ఇచ్చిన నిబంధనల పుస్తకాన్ని భయం కొద్దీ మళ్ళీ మళ్ళీ చదివింది. జీతం లేకపోయినా పాఠం చెప్పడం పనేననీ, దానికి వాలంటీరు వీసా వేరే ఉందనీ, చూడ్డానికొచ్చామని చెప్పి పనిచేస్తూ దొరికితే వెనక్కి పంపేస్తారనీ అందులో ఉంది.

ఇప్పుడు తను నోరు మూసుకుంటే చాలు. అబద్ధం బయటపడుతుంది, పిల్ల ఇంటికొచ్చేస్తుంది, ఇంకెక్కడికీ వెళ్ళదు. సాయంత్రానికి వచ్చేస్తానన్న భర్త రాలేదు. ఇప్పుడే వస్తానమ్మా అన్న కొడుకూ రాలేదు.

"ఇది చెల్లదమ్మాయ్," అంది చివరికి. "వాలంటీరు వీసాకే పెట్టు. ఆ స్కూలువాళ్ళను ఆహ్వానం పంపమను. నా మాట మీద నమ్మకం లేకపోతే వీసా కేంద్రంలోనే అడుగు."

"దానికి నెలలు పడుతుంది."

"పట్టనీ."

కోడలు గొంతు పెంచలేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. "నన్ను ఆపడానికి రూల్సు వెతుకుతున్నారు అత్తయ్యా. మొదట అక్కడ చలి అన్నారు. తర్వాత నీళ్ళు పడవన్నారు. ఇప్పుడు రూల్సు. ఆయనే లేరు. ఇంకా నన్నెందుకు పట్టుకుంటారు? నేను మీకేమవుతానని?"

బల్ల మీద పాత టీ మరక ఒకటుంది. అత్తగారు దాన్ని గోటితో గీకింది. పోలేదు.

"ఆపాలనుకుంటే ఇందాకే నోరు మూసుకునేదాన్ని. చక్కగా పట్టుబడి నా దగ్గరికే వచ్చేదానివి. ఒక్క నిమిషం అలాగే అనుకున్నాను కూడా. నీ దగ్గర దాపరికం దేనికి?"

కోడలు తలెత్తి ఆవిడను చూసింది. ఒకే ఇంట్లో ఉంటున్నా, అలా చూసి చాలా కాలమైంది.

"మరెందుకు చెప్పారు?"

"ఏమో. నువ్వు తలొంచుకుని తిరిగొస్తే నేను చూడలేను."

కోడలు కుర్చీ దగ్గరకు లాక్కుంది. "అడగండి. మళ్ళీ మొదట్నుంచి."

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కానీ మొదట్నుంచి అడగలేదు. "పనయ్యాక మీ దేశానికి తిరిగి వెళ్తావని నమ్మకమేమిటి? అక్కడ నీకెవరున్నారు?"

కోడలు నోరు తెరిచి ఊరుకుంది. తల్లీ తండ్రీ ఆమె చిన్నతనంలోనే పోయారు.

"దానికి జవాబు దొరకడం లేదు అత్తయ్యా."

"పర్లేదులే," అంది అత్తగారు. ఆ జవాబు తనకూ కావాలని చెప్పలేదు.

అక్కడి స్కూలు నుంచి ఆహ్వానం వచ్చేసరికి ఎండలు పోయి వానలు పట్టుకున్నాయి. ఇంటర్వ్యూ రోజున వీసా కేంద్రం గార్డు అత్తగారిని గుమ్మంలోనే ఆపేశాడు. "కూడా వచ్చినవాళ్ళు ఆ బెంచీ మీద, బామ్మగారూ." బెంచీ ముందు నిలువెత్తు అద్దాల గోడ. లోపలి మాట ఒక్కటీ వినబడదు. కోడలు పక్కనుంచి కనబడుతోంది. చేతులు బుద్ధిగా ఒళ్ళో ఉన్నాయి.

ఆఫీసరు ఏదో అడిగాడు. కోడలు చెప్పింది. ఇంకేదో అడిగాడు. ఈసారి ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. ఆ ఆగడం అత్తగారికి తెలుసు. ప్రశ్న ఏమిటో కూడా తెలుసు.

కోడలి చేతులు ఒళ్ళోంచి లేచాయి.

"చేతులు, చేతులు," అని గొణిగింది అత్తగారు. పక్కన కూర్చున్నావిడ తిరిగి చూసింది.

వేళ్ళ కొసలు కలిశాయి. ఇల్లు. తర్వాత రెండు వేళ్ళు మెల్లగా వెళ్ళి చెంపకు ఆనుకున్నాయి.

"అయ్యో, ఏమైందండీ? ఇవ్వలేదా వీసా?" పక్కావిడ కంగారుగా భుజం పట్టుకుంది.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడిచింది. పెట్టుకోగానే మళ్ళీ తడిసింది.

"అది ఇంకా తెలీదమ్మా," అంది వెక్కుతూనే.