నలభై ఇంజన్లు, పదకొండు దిద్దుబాట్లు

"ఈ కార్డు తప్పు," అన్నాడు అతను.

ఆలిస్ తల ఎత్తలేదు. కలకత్తా దగ్గరి ఆ రైల్వే ఊళ్ళో, శనివారం సాయంత్రం గోల్ బజార్‌లో కౌంటరు వెనక నిలబడిన మనిషికి తల ఎత్తే తీరిక ఉండదు.

"బిస్కెట్ మెత్తబడిందేటి?"

"బిస్కెట్ సంగతి నాకు తెలీదు. నేను తినను."

అప్పుడు ఎత్తింది. ఎదురుగా పాతికేళ్ళవాడు. మోచేతి దగ్గర గ్రీజు మరక, జేబులో బాల్ పెన్ను, జుట్టు మీద వాన చినుకులు. చేతిలో కోయెలి బిస్కెట్ ప్యాకెట్లో వచ్చే రైలింజను బొమ్మ కార్డు. అవి చిన్నపిల్లల కోసం వేసిన కార్డులు.

"మీ బాబు కోసమేటి?"

"నాకు పెళ్ళి కాలేదు."

"నేనడగలేదు."

"బాబు కోసమా అన్నారు. అది అడగడమే కదా."

ఆలిస్ కార్డు లాక్కుని చూసింది. డీజిల్ ఇంజను. కింద వేగం, బరువు, చక్రాలు, సిబ్బంది, సిలిండర్లు. సిలిండర్లు పన్నెండు అని అచ్చేసిన చోట అడ్డంగా గీత. పక్కన నీలం సిరాతో పదహారు. దాని పక్కన పొట్టి సంతకం, తేదీ.

"దిద్దీసినారు కదా. ఇంకేటి కావాల?"

"కంపెనీకి తెలియాల. మీ షాపు ఏజెన్సీ. కంప్లయింటు ఎక్కడ బుక్కయితే అక్కణ్ణించే పైకి వెళ్ళాల. రైల్వేలో అలాగే."

"ఇది రైల్వే కాదు. శెట్టిగారి కొట్టు."

శెట్టిగారు, అంటే కోటిలింగం, గల్లాపెట్టె దగ్గర నుంచి ఒక్క మాట అన్నాడు. "రాసి పడీ అమ్మా. కాగితం పోతే పోయింది, కస్టమర్ పోకూడదు."

అలా మొదలైంది. 1993 జూన్ నెల.

ఆ ఏడు కోయెలి కంపెనీ ఒక పథకం పెట్టింది. ప్యాకెట్‌కి ఒక కార్డు. మొత్తం నలభై ఇంజన్లు. నలభై పోగుచేసి ఏజెన్సీ కొట్లో చూపిస్తే, సెట్టు దాచుకోడానికి ఎర్ర రేకు డబ్బా ఇస్తారు. అందులో బంగారు అంచున్న కార్డు ఒకటి ఉంటుంది. అది ఏ ప్యాకెట్లోనూ దొరకదు. పెద్దవాళ్ళు కూడా కొనేవారు. పిల్లల కోసమని చెప్పేవారు. ఇతను ఒక్కడే తన కోసమని చెప్పి కొన్నాడు. అబద్ధం చెప్పలేనివాళ్ళలో సగం మంది తెలివితక్కువవాళ్ళు. ఇతను ఏ సగమో ఆలిస్‌కి అప్పటికి తెలియలేదు.

పేరు తీతు. ప్రతి శనివారం డ్యూటీ దిగి సైకిల్ మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒక తప్పు తెచ్చేవాడు. ఆలిస్ ఇంగ్లీషులో ఉత్తరం రాసేది. కంపెనీ జవాబివ్వలేదు. కంపెనీలు ఇవ్వవు.

"ఇన్ని బిస్కెట్లు ఏం చేస్తన్నారు?"

"మా షెడ్డులో పంచుతాను. ఇప్పుడు అక్కడ కుక్కలు కూడా ఉత్త బిస్కెట్ ముట్టవు. చాయ్‌లో ముంచాల."

ఆలిస్ నవ్వబోయి ఆగింది. "ఏ షెడ్డు?"

"డీజిల్ షెడ్డు. ఫిట్టర్ని."

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. "మా నాన్న మెయిల్ డ్రైవరు. రిటైరయినాడు."

తీతు ముఖం కూడా మారింది. రైల్వే ఊళ్ళో ఈ రెండు మాటలు ఒకచోట పడితే ఎవరికైనా అర్థమవుతుంది. డ్రైవరు ఇంజను దిగి, ఫలానా లోపం ఉందని పుస్తకంలో రాస్తాడు. ఫిట్టరు చూసి కింద రాస్తాడు, 'చూశాం, బాగానే ఉంది' అని. మర్నాడు అదే ఇంజను అదే లోపంతో దారిలో ఆగుతుంది. తిట్లు డ్రైవరు తింటాడు. ఆలిస్ తండ్రి సుందర్ రాజు ముప్పై రెండేళ్ళు తిన్నాడు. కూరలో ఉప్పు తగ్గితే ఇప్పటికీ, "షెడ్డువాళ్ళు వండినారేటి?" అంటాడు. గార్డు కొడుకైనా సరే, గ్యాంగ్‌మన్ కొడుకైనా సరే, షెడ్డువాడికి మాత్రం పిల్లనివ్వనని చర్చి గుమ్మంలో నలుగురి ముందూ చెప్పాడు. భార్య పోయాక ఆయన చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం మానేశాడు. తీసుకోమనేవాళ్ళు లేరు.

"సుందర్ రాజుగారా?" అన్నాడు తీతు. "ఆయన రిపోర్టులు మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకసారి 'ఇంజను ఏడుస్తున్నది' అని రాసినారంట."

"మీవాళ్ళేటి చేసినారు?"

"కింద రాసినారు. 'చూశాం. ఇప్పుడు నవ్వుతున్నది.'"

ఆలిస్ నవ్వింది. గట్టిగానే. తరవాత తండ్రి గుర్తొచ్చి కొంచెం సిగ్గుపడింది. కొంచెమే.

జులై అంతా వాన. రేకు చూరు మీద వాన పడుతుంటే కొట్లో ఒకరి మాట ఒకరికి వినబడదు. దగ్గరగా వచ్చి మాట్లాడాలి. తీతు ఆ వానని ఒక్కసారీ తిట్టలేదు. ఆలిస్ గమనించింది. శనివారం నీలం చీర కట్టుకుంటే శెట్టిగారు గమనించాడు.

"ఏటమ్మా, ఇవాళేదైనా పండగా?"

"స్టాకు వచ్చే రోజు కదండి."

"స్టాకు మంగళారం వస్తాది."

ఆగస్టు చివర నలభయ్యో కార్డు దొరికింది. ఆ శనివారం కంపెనీ సేల్స్‌మన్ కూడా కలకత్తా నుంచి వచ్చాడు. డబ్బాలు తనే స్వయంగా ఇస్తున్నాడు. తీతు ఇచ్చిన సెట్టులో నాలుగు కార్డులు తిప్పి చూశాడు. ఐదోది తిప్పలేదు.

"నా, దీదీ. హోబే నా, కుదరదు. దీనిమీద రాసినాడు."

"తప్పు దిద్దినాడు దాదా. పదహారుకి పన్నెండని మీరే అచ్చేసినారు."

"పదహారో పన్నెండో నాకు తెలీదు. రాసిన కార్డు చెల్లదు. రూలు ఉంది."

"తప్పులెయ్యడానికి రూలు ఉందేటి మీకు?"

సేల్స్‌మన్ వినీ విననట్టు వెనకవాడి సెట్టు తీసుకున్నాడు. ఆ వెనకవాడు నాలుగడుగుల ఎత్తు కూడా లేని పిల్లాడు. ఎర్ర డబ్బా పట్టుకుని, తీతు వైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

తీతు కార్డులకి రబ్బరు బ్యాండు వేశాడు. "పోన్లెండి. డబ్బా కోసం తప్పు వదిలీలేం కదా."

ఆలిస్‌కి కోపం వచ్చింది. మూడు నెలలుగా ఆ డబ్బాని అలమరలో వెనక్కి తోసి, దుమ్ము తుడిచి, అతని కోసం దాచింది. అతని వెనకే చూరు కిందికి వచ్చింది. వాన.

"రాయకుండా ఉండలేకపోయినారా?"

"తప్పు కనపడితే ఎలాగండీ?"

"నలభై కార్డుల్లో పదకొండు తప్పులు కనపడినాయి. మూడు నెలలబట్టి ఎదురుగుండా ఉన్న మనిషి కనపడలేదు."

తీతు సైకిల్ తాళం తియ్యబోయి ఆపాడు.

"కనపడింది."

"మరి సెప్పలేదేటి?"

"ఏటి సెప్పాల. దిద్దడానికి ఏటీ లేదు. దిద్దడానికి లేనిచోట ఎలా మాట్లాడాలో నాకు తెలీదు."

ఆలిస్ వాన వైపు తిరిగింది. ముఖం దాచుకోడానికి దగ్గరలో అదొక్కటే ఉంది.

"రేపు ఆరాధన అయినాక మా ఇంటికి రండి," అంది. "కార్డులు పట్టుకుని."

"మీ నాన్నగారు?"

"ఉంటాడు. అందుకే రమ్మంటన్నాను."

వాళ్ళ ఇల్లు ట్రాఫిక్ కాలనీ రైల్వే క్వార్టర్లు దాటాక, రిటైరయ్యాక తీసుకున్న అద్దె ఇల్లు. సుందర్ రాజు వరండాలో కుర్చీలో ఉన్నాడు. చేతిలో టీ గ్లాసు, పక్కన ఎవరూ లేని ఇంకో కుర్చీ.

"వందనాలండి," అన్నాడు తీతు.

"వందనాలు. ఎక్కడ పని?"

"డీజిల్ షెడ్డు."

టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆలిస్. ఇతన్ని ఎవరు రమ్మన్నారు?"

"నేనే నాన్నా. ఇంజన్ల కార్డులు తెచ్చినాడు, చూడు. చూసినాక పొమ్మంటే పోతాడు."

"చూడకుండా పొమ్మనకూడదేటి?"

అన్నాడు గాని, చెయ్యి చాపాడు. ఇంజను బొమ్మ ఎదురుగా పెట్టి చూడకుండా ఉండమంటే ఏ డ్రైవరూ ఉండలేడు.

కళ్ళజోడు పెట్టుకున్నాడు. మొదటి దిద్దుబాటు దగ్గర ఆగాడు. "ఎవరిదీ రాత?"

"నాదేనండి."

"ఒప్పే," అన్నాడు, పన్ను నొప్పి వచ్చినవాడిలా. రెండోది చూశాడు. "ఇదీ ఒప్పే." ఐదోదానికి మాట మానేసి తల ఊపాడు. తొమ్మిదోదానికి తల ఊపడం కూడా మానేశాడు. తలుపు వెనక ఆలిస్ వేళ్ళు మడుస్తోంది. పదయ్యాయి. ఒక్కటి దాటితే చాలు.

ఇరవై ఏడో నంబరు కార్డు దగ్గర ఆయన వెన్ను నిటారు చేశాడు.

"ఇదేటి?"

స్టీమ్ ఇంజను. సిబ్బంది ముగ్గురు అని అచ్చులో ఉంది. తీతు కొట్టేసి ఇద్దరు అని రాశాడు.

"ఇంజను మీద ఇద్దరే కదండి. డ్రైవరు, అసిస్టెంటు."

"స్టీము ఎప్పుడేనా ఎక్కినావా?"

"లేదండి. నేను చేరీసరికి పోయినాయి. మా షెడ్డు పుస్తకంలో ఇద్దరనే..."

"డీజిల్ పుస్తకం చూసి స్టీము దిద్దినావు. మరి బొగ్గు ఎవరు కొట్టినారు? మీ పుస్తకమేటి?"

"తప్పయితే మార్చేస్తానండి. ఒకసారి చూసి రాస్తాను."

లోపల ఆలిస్ కళ్ళు మూసుకుంది. లోకంలో ఇన్ని మాటలుండగా ఈ మాటే అనాలా.

"చూసి రాస్తావు," అన్నాడు సుందర్ రాజు మెల్లగా. "ముప్పై రెండేళ్ళు నేను చెప్పినాను, మీరు చూసి రాసినారు. ఇప్పుడు నా ఇంట్లో కూర్చుని కూడా నా మాట చాలదు. ఆలిస్, గేటు తియ్యి."

గేటు దగ్గర ఆలిస్ గొంతు తగ్గించింది. "మా నాన్న మాట నమ్మితే ఏం పోయింది మీది?"

"నమ్మినాను. నమ్మి రాసీగలను. పిల్ల కోసం రాసినాడనుకుంటారు. రేపు ఆయనే నా సంతకం నమ్మరు."

సైకిల్ ఎక్కి వానలో వెళ్ళిపోయాడు. కార్డులు వరండాలోనే ఉన్నాయి.

"చూసినావా," అన్నాడు తండ్రి. "షెడ్డువాడు తప్పు ఒప్పుకోడు."

ఆలిస్ అన్నం వడ్డించింది. తను తినలేదు. అతను ఇక రాకపోతే ఒక బాధ. వచ్చి ఇద్దరే అని వాదిస్తే ఇంకో బాధ. రెండింట్లో ఏది తక్కువో తేల్చుకోలేక గిన్నెలు రెండుసార్లు తోమింది. ఇటు నాన్నని వదిలి వెళ్ళే వీలు లేదు. అటు ఇలాంటి మనిషి మళ్ళీ కౌంటరు దగ్గరికి రాడు.

నాలుగింటికి గేటు చప్పుడైంది. తీతు మోకాళ్ళదాకా బురద.

"నిమ్‌పురా వెళ్ళినానండి. లూకా తాతగారి దగ్గరికి."

లూకా స్టీమ్ ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్, పొయ్యిలో బొగ్గు వేసినవాడు.

"ముగ్గురేనండి. డ్రైవరు, ఫస్టు ఫైర్‌మన్, సెకండ్ ఫైర్‌మన్. బొగ్గు కొట్టి ముందుకి లాగడం సెకండ్ ఫైర్‌మన్ పనంట. చేతులు కాలడం కూడా అతనికే ఎక్కువంట." తీతు ఆగాడు. "మీరు పంతొమ్మిదో ఏట సెకండ్ ఫైర్‌మన్‌గా చేరినారని చెప్పినాడు. నేను కొట్టీసింది మిమ్మల్నేనండి."

సుందర్ రాజు కుడి చేతిని ఎడమ చేత్తో కప్పుకున్నాడు. మణికట్టు మీద ముడతలు పడ్డ పాత మచ్చ ఉంది. ఆలిస్ పుట్టినప్పటినుంచీ చూస్తోంది. ఎలా వచ్చిందని ఒక్కసారీ అడగలేదు.

తీతు కార్డు తీసుకుని, తడి చెయ్యి చొక్కా లోపల తుడుచుకుని, తను రాసిన 'ఇద్దరు' కొట్టేసి 'ముగ్గురు' అని వేశాడు. కింద సన్నగా ఇంకో వరస రాశాడు. 'డ్రైవరు రిపోర్టు సరైనది. ఫిట్టరు తప్పు.' సంతకం, తేదీ, టైము.

సుందర్ రాజు చదివాడు. కళ్ళజోడు తుడిచి మళ్ళీ చదివాడు.

"టైము కూడా వేసినాడు," అన్నాడు ఎవరితోనో. కార్డు చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నా దగ్గరుంటాది. మిగిలిన ముప్పై తొమ్మిదీ తీసుకుపో."

"సెట్టు విడిపోద్దండి," అన్నాడు తీతు కంగారుగా.

"ఇన్ని తప్పులు పట్టినోడివి, సెట్టు ఒక ఇంట్లో ఉండాలంటే ఏటి చెయ్యాలో తెలీదేటి? నా పిల్ల గుమ్మంలో నిల్చున్నాది, అడుగు."

తీతు గుమ్మం వైపు చూశాడు. ఆలిస్ నీలం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అడగవలసిన అవసరం ఏమీ మిగల్లేదు. అయినా అడిగాడు. "ఇష్టమేనా?"

"మూడు నెలలు లేటు," అంది ఆలిస్. "ఇష్టమే."

"డిసెంబర్లో చర్చి ఖాళీ ఉన్నాదో లేదో పాస్టర్‌గారిని అడగాల," అన్నాడు సుందర్ రాజు.

"ఇప్పుడే చూసి వస్తానండి," అని తీతు అప్పుడే మెట్టు దిగాడు. ఆలిస్ వెనక నుంచి చొక్కా పట్టుకుంది.

"పాస్టర్‌గారు ఎక్కడికీ పోడు. ముందు కాళ్ళు కడుక్కుని రా. అన్నం తిను."